సన్నివ దూడ

లోకం మొత్తానికి ఎనభై నాలుగు దూడలు పట్టాయి.
లెక్క నాది కాదు, మఠంలో కొట్టు చూసే సన్యాసిది.
అట్ట లోపల అంటించిన చీటీలో
దూడకింత అని ఖరీదు కట్టి
చివర విసుగ్గా ఒక గీత కొట్టాడు.

లింకన్‌లో, కొండెక్కే వీధికి కింద, నేలమాళిగలో నా బల్ల.
బయట పడుతోందో లేదో తెలియని వాన.
చేతులు కడుక్కుని, ఆరబెట్టుకుని
(తొడుగులు వద్దు, చర్మం వేళ్ళకి తెలియాలి)
బ్రదర్ ఐల్విన్ లోకాన్ని తెరుస్తాను.
బూజు దులపడం, ముడతలు తీయడం,
చిరుగుకి పలచటి పొర అతకడం, ఇంతే నా పని.
చదవడం జీతంలో లేదు.
లాటిన్ నాకు దొంగతనంగా వచ్చింది,
వంటవాడికి ఆకలి తెలిసినట్టు.

ఆదాముకి ఒక దూడ.
నోవహుకి, ఓడకి, ఓడలోని జీవరాశికీ కలిపి ఒకటిన్నర.
బబులోనుకి రెండు. రోముకి పద్నాలుగు:
రాజులు ఎక్కువ, ఒకణ్ణొకడు పొడుచుకోవడం ఎక్కువ.
మనకి యుగాలు నాలుగు, ఆయనకి ఆరు.
ఆరోది నడుస్తోంది, ఇంకెంతో లేదని
అంచులో చిన్న చెయ్యి గీసి వేలు చూపించాడు.
ఆ వేలికి చలికురుపు కూడా వేశాడు.

ఐల్విన్ ఎక్కడికీ వెళ్ళలేదు.
విథమ్ నది ఒక్కసారి దాటాడట,
పడవలో వాంతి చేసుకున్నాడట.
క్రీస్తు పుట్టిన వెయ్యిన్నూట ముప్ఫై ఎనిమిదో ఏట అది నమోదైంది,
ఒక బిషప్పు చావుకీ
రెండు తలల గొర్రెకీ మధ్య.

ఈ వారం పర్షియా రాజుల పుట.
కుడివైపు కింద, బొటనవేలు దూరేంత చిల్లు.
ఎలక కాదు. కొవ్వొత్తి కాదు.
దూడ బతికుండగా వీపు మీద ఈగ కుట్టింది,
పుండు మానింది, మచ్చ మిగిలింది.
చర్మాన్ని చట్రానికి బిగించి లాగినప్పుడు
మచ్చ కన్ను తెరిచింది.
అక్షరాలు దాని దాకా వచ్చి, ఆగి,
అవతలి గట్టున మళ్ళీ అందుకుంటాయి.
సైన్యం పది లక్షల, అని ఇటు.
మంది, అని అటు.
చిల్లులోంచి చూస్తే వెనక పుటలో
వాళ్ళని ఓడించబోయేవాడి పేరులో మొదటి అక్షరం.
పాపం, పర్షియా వాళ్ళకి అది కనిపించి ఉండదు.

చిల్లు కింద మూడు వరుసలు గీకేసి ఉన్నాయి.
కత్తితో, కోపంగా, చర్మం నూగు లేచేలా.
మఠాధిపతే అయి ఉంటాడు.
ఊదా దీపం తెచ్చింది బ్రయొనీ. గది చీకటి చేశాం.
రాజద్రోహం, అంది తను, పందెం.
ఆడపేరు, అన్నాను నేను.
నేనే గెలిచాను, సగం.

‘ఇది సన్నివ దూడ.
ప్రార్థనకి ముందు, నా చేతులు కొంకర్లు పోతే
దీని చెవుల కింద పెట్టుకునేవాణ్ణి.
ఈగ కుట్టిన చోట తేనె రాశాను. మానింది.’

బ్రయొనీ దీపం ఆర్పలేదు.
సన్నివ ఆవు అని తనకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.
తేనె దొంగిలించాడన్నమాట, అంది, గొంతు సవరించుకుని.

వీపెక్కడుందో వెతికాను.
వెలుతురుకి పుటని ఏటవాలుగా పట్టుకుంటే
రాజుల పేర్ల కింద
వెన్నెముక సన్నటి నీడ, అడ్డంగా.
దానికి రెండు వైపులా వెంట్రుకలు మొలిచిన చుక్కలు,
ఒకే దిక్కుకి దువ్వినట్టు.

సాయంత్రం ఫారం నింపాలి.
పుట సంఖ్య. కొలతలు. సిరా స్థితి.
నష్టం అన్న గడిలో చాలాసేపు పెన్ను ఆగింది.
చివరికి రాశాను:
చిల్లు ఒకటి. పుస్తకం కంటే పాతది.
పూడ్చనక్కరలేదు.